పశువు ఆరోగ్యంగా ఉన్నది

శుక్రవారం పొద్దున బాబూరావు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి రూప్‌సింగ్ తండాకు వెళ్ళాలి. ఎనిమిదిన్నరకు అక్కడినుంచి మాయం కావాలి. పదకొండింటికి ఖమ్మంలో డైనోసార్ సినిమా ఏడో భాగం మొదటి ఆట చూడాలి. రెండున్నరకల్లా మళ్ళీ తండాలో తేలాలి. ఈ మధ్యలో అతను తండా దాటినట్టు ప్రభుత్వానికి తెలియకూడదు. ప్రభుత్వం అంటే ఇక్కడ డాక్టర్ ఉషారాణి మేడం.

బాబూరావు కారేపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఒక పశువుల దవాఖానాలో పనిచేస్తాడు. కాగితాల మీద అతని ఉద్యోగానికి పొడుగాటి పేరు ఉంది గానీ జనం కాంపౌండరు అనే అంటారు. ఈ ఉద్యోగంలోకి రావడానికి కారణం కూడా డైనోసార్లే. బోనకల్ దగ్గరి తండాలో నాలుగో తరగతి చదివే రోజుల్లో, మిర్చి బస్తాలు దింపడానికి ఖమ్మం వెళ్ళిన తండ్రి లాలు, వెంట వచ్చిన కొడుకు ఏడుపు ఆపలేక ఎదురుగా కనిపించిన సినిమాకు తీసుకెళ్ళాడు. అదే మొదటి భాగం, మొదటి రోజు, మొదటి ఆట. తండ్రి ఆటంతా హాయిగా నిద్రపోయి, తెర మీద ఆ జంతువు అరిచినప్పుడు మాత్రం ఉలిక్కిపడి లేచి, "ఎవరి దున్నరా అది?" అని అడిగి మళ్ళీ పడుకున్నాడు. కొడుక్కి మాత్రం వారం రోజులు నిద్ర పట్టలేదు. పెద్దయ్యాక డైనోసార్ల డాక్టరు కావాలని గట్టిగా అనుకున్నాడు. అవి దొరకక బర్రెల దగ్గర ఆగాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి భాగాన్నీ మొదటి రోజు మొదటి ఆటకే చూశాడు. ఆరు టికెట్ ముక్కలనూ ఒక నోటుపుస్తకంలో పేజీకొకటి చొప్పున అంటించి, కింద తన అభిప్రాయం రాసుకున్నాడు. మొదటిది: దండం. రెండోది: మంచిదే, పరుగులు ఎక్కువ. మూడోది: అవసరం లేదు. నాలుగోది: జంతువులు బాగున్నాయి, మనుషులు బాగాలేరు. ఐదోది: నాలుగోదే. ఆరోది: పిల్లల కోసం చూశాను. ఆరోది వచ్చినప్పుడు పిల్లలిద్దరూ హాస్టల్లో ఉన్నారన్న సంగతి అతని భార్య ప్రమీలకు ఇప్పటికీ గుర్తుంది. మొత్తం మీద అతనికి ఉన్న పెద్ద ఫిర్యాదు ఒకటే. కోట్లు పోసి అంతంత జంతువులను పెంచేవాళ్ళు ఆరు భాగాల్లో ఎక్కడా ఒక్క కాంపౌండరును ఉద్యోగంలో పెట్టుకోలేదు.

ఏడో పేజీ ఖాళీగా ఎదురుచూస్తోంది. ఈసారి టికెట్ ఫోన్లో వచ్చింది కాబట్టి దాంట్లో ఏం అంటించాలా అన్న బెంగ ఉంది గానీ, ముందు సినిమా చూస్తే కదా. సరిగ్గా ఆ వారమే పశువులకు గాలికుంటు వ్యాధి టీకాల కార్యక్రమం వచ్చిపడింది. పది రోజులు ఎవరికీ సెలవులు లేవు. పైగా కొత్త నిబంధన ఒకటి. తండాల్లో పనిచేసేవాళ్ళు అరగంటకొకసారి పశువు ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాలి. ఫోటో కింద తేదీ, టైము, ఊరి పేరు వాటంతట అవే పడతాయి. "ఫోటో ఎక్కడ ఉంటే ఉద్యోగి అక్కడ ఉన్నట్టు" అని మేడం మీటింగులో రెండుసార్లు చదివి వినిపించింది.

బాబూరావు ఆ వాక్యాన్ని రాత్రంతా ఆలోచించి, దాంట్లోనే దారి కనిపెట్టాడు. ఫోటో తండాలో ఉంటే తను తండాలో ఉన్నట్టే. అందుకని తండాలో గోప్యా ఇంటికి వెళ్ళాడు. గోప్యా చుట్టం కాకపోయినా వరస కలిపి మామ అంటాడు, ఆయన అల్లుడా అంటాడు. ఐదు బర్రెలున్న రైతు, మాట ఇస్తే తప్పని మనిషి. బాబూరావు టీకా మందున్న ఐసు డబ్బాను ఆయన ఇంట్లో చల్లటి మూల పెట్టించి, ఫోన్ ఆయన చేతిలో పెట్టాడు.

"అరగంటకొక ఫోటో మామా. అందుల పశువు ఉండాలె. పశువు లేకుంటే వాళ్ళు ఒప్పుకోరు."

"అవ్, అర్థమైంది. ఏ పశువన్న సరేనా?"

"ఏదైనా సరే. ఫోటో పంపినంక కింద ఈ ముక్క పెట్టు. నేనే రాసి ఉంచిన, నువ్వు ఒత్తితే చాలు." ఆ ముక్క ఇది: టీకా వేయబడినది. పశువు ఆరోగ్యంగా ఉన్నది.

"ఫోన్ వస్తే?"

"ఎవరు చేసినా ఎత్తొద్దు. దేవుడు చేసినా ఎత్తొద్దు. ఎత్తితే మేడంకు నీ గొంతు తెలుస్తది, నేను మునుగుత."

"ఎత్తను" అని గోప్యా మాటిచ్చాడు. పదింటికి జనం బర్రెలను తోలుకొస్తే, సూదులు పొద్దు వాలినంక అని చెప్పి పంపే బాధ్యత కూడా ఆయనే తీసుకున్నాడు. బర్రెలను మోసం చేసే ఉద్దేశం బాబూరావుకు లేదు. మోసమంతా గడియారంతోనే.

పదింటికి ఖమ్మం చేరి, ఇడ్లీ తిని, చాయ్ తాగి, పదిన్నరకు టాకీసు గేటు దగ్గర నిలబడ్డాడు. పక్కన తాటిచెట్టంత అట్టబొమ్మ డైనోసార్ నోరు తెరుచుకుని ఉంది. దాన్ని చూడగానే బాబూరావు నలభై రెండేళ్ళ గుండె నాలుగో తరగతికి వెళ్ళిపోయింది. గేటు దగ్గర నీలం చొక్కా అతను టికెట్ కోసం చెయ్యి చాచాడు. బాబూరావు జేబులో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి బయటికి రాలేదు.

"ఏమైంది సార్?"

"ఫోన్ లేదు."

"పోయిందా?"

"పోలే. డ్యూటీల ఉంది."

నీలం చొక్కా అతను ఇలాంటివి చాలా విన్నవాడిలా పక్కకు జరగమన్నాడు.

"హెచ్ పన్నెండు తమ్మీ. వారం కింద బుక్ చేసిన."

"హెచ్ పన్నెండు అని ఎవరైనా చెప్తరు సార్. ఫోన్ల చూపెట్టాలె."

"ఇంకో టికెట్ కొనుక్కుంట."

"హౌస్‌ఫుల్ అయి మూడు రోజులాయె."

ఈ కాలంలో ఎవరికీ ఎవరి నంబరూ గుర్తుండదు. బాబూరావుకు గుర్తున్నది తన నంబరు ఒక్కటే. పార్కింగు దగ్గరున్న మనిషి ఫోన్ అడుక్కుని తన నంబరుకే పదకొండుసార్లు చేశాడు. పదకొండుసార్లూ మోగింది. ఎవరూ ఎత్తలేదు. ఒక మనిషి మాట మీద నిలబడటం ఇంకో మనిషికి ఇంత బాధ కలిగిస్తుందని అతనికి అంతకుముందు తెలియదు.

"ఆఖరి పావుగంటకు ఫోన్ తెచ్చి చూపెట్టినా లోపలికి పంపుతవా?" అని అడిగాడు.

"టికెట్ ఉంటే ఆఖరి నిమిషానికైనా పంపుత సార్. మాకేంది."

బాబూరావు లెక్కేసుకున్నాడు. మొదటి ఆటలో ఆఖరి పావుగంట చూసినా మొదటి ఆట చూసినట్టే. బండి తిప్పి, తండా వైపు ఎప్పుడూ పోనంత వేగంగా పోయాడు. అప్పుడు పది నలభై.

పన్నెండుకు పది నిమిషాలుందనగా తండా చేరేసరికి అక్కడ సంత జరుగుతున్నట్టు ఉంది. అరవై పైచిలుకు బర్రెలు, వాటి మనుషులు, అందరూ ఎండలో. బండి ఆగగానే గోప్యా భార్య పూలి ఎదురొచ్చింది.

"నువ్వు ఖమ్మంల లేవా అల్లుడా?"

"మామ ఏడి అత్తా?"

"నీ కోసమే ఖమ్మం పాయె."

బాబూరావు బండి మీదనుంచి దిగలేదు.

పూలి నిదానంగా చెప్పుకొచ్చింది. తొమ్మిదింటికి గోప్యా బర్రె ఫోటో పంపాడట. వెంటనే ఫోన్ టింగుమందట. ఏదో ఇంగ్లీషు. అంగన్‌వాడీ టీచరు సరళకు చూపిస్తే, ఇది సినిమా టికెట్, ఇది చూపెట్టకపోతే లోపలికి రానివ్వరు అని చదివి చెప్పిందట. "అయ్యో, పిల్లగాడు గేటుకాడ నిలబడతడే అని ఉన్నోడు ఉన్నట్టు ఉరికిండు. ఇల్లెందు నుంచి వచ్చే బస్సుకు అడ్డం నిలబడి మరీ ఎక్కిండు."

"సూదులు పొద్దు వాలినంక అని జనానికి చెప్పలేదా?"

"ఆ ముచ్చట ఆయనతోనే పాయె."

ఆ మాట పూర్తికాకముందే ద్వాలి అనే ముసలామె తన బర్రెను ముక్కుతాడు పట్టి లాక్కొచ్చి బండికి అడ్డంగా నిలబెట్టింది. "పదింటికి రమ్మని మైకుల చెప్తిరి. రెండు గంటల సంది నా బర్రె ఎండల ఉన్నది. సూదేస్తవా, దీన్ని నీ ఇంటికే తోలుకపొమ్మంటవా?" అంది. వెనకాల ఉన్నవాళ్ళు కూడా ఇంటి అడ్రసు అడగడం మొదలుపెట్టారు.

చేసేదేమీ లేదు. ఫోన్ ఖమ్మంలో, టికెట్ ఫోన్లో, ఫోన్ గోప్యా జేబులో, గోప్యా ఎక్కడున్నాడో దేవుడికెరుక. బాబూరావు ఐసు డబ్బా తెప్పించి చేతులు కడుక్కున్నాడు.

సూదులు వేస్తున్నంతసేపూ అతని మనసు టాకీసులోనే ఉంది. ఆరు భాగాలు చూసిన అనుభవంతో ఏడోది ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో బర్రె బర్రెకూ అంచనా వేసుకున్నాడు. మొదటి బర్రె దగ్గరికి వచ్చేసరికే, ఏ ప్రమాదమూ ఉండదని కోటు వేసుకున్న పెద్దమనిషి హామీ ఇవ్వడం అయిపోయి ఉంటుంది. పదో బర్రె దగ్గర కరెంటు పోయి ఉంటుంది. ఇరవయ్యో బర్రె దగ్గర, లోపలికి వెళ్ళొద్దని చెప్పిన చోటికే ఎవడో ఒకడు వెళ్ళి ఉంటాడు. ముప్పయ్యో బర్రె దగ్గర వాన పడుతూ ఉంటుంది, వానలో ఆ పెద్దది తల ఎత్తి ఉంటుంది. సరిగ్గా అప్పుడే ద్వాలి బర్రె తన్నింది. బాబూరావు పేడలో కూర్చున్నాడు. లేవాలనిపించలేదు. ముప్పై ఏళ్ళుగా కాపాడుకుంటూ వచ్చింది అరగంట తెలివికి పోగొట్టుకున్నానని నిజంగానే ఏడుపొచ్చింది.

"దెబ్బ తాకిందా బిడ్డా?" అని ద్వాలి అడిగింది.

"తాకింది అవ్వా" అని మళ్ళీ లేచాడు.

రెండు దాటాక ఉషారాణి మేడం స్కూటీ వచ్చి ఆగింది. పొద్దున్నుంచి కారేపల్లిలో మీటింగులో ఉండి, అక్కడినుంచి తిన్నగా తండాకే వచ్చింది. హెల్మెటు కూడా తీయకుండా, "బాబూరావ్ ఏడి?" అంది.

"ఆ బర్రె వెనకాల" అంది పూలి.

మేడం నమ్మలేదు. వెళ్ళి చూసింది. బర్రె వెనకాల మోకాళ్ళదాకా పేడతో, చెమటతో, చేతిలో సిరంజితో బాబూరావు ఉన్నాడు. అరవై మూడో బర్రెకు సూది వేస్తున్నాడు. అదే ఆఖరిది. మేడం అతన్నీ చూసింది, తన ఫోన్నీ చూసింది. రెండిట్లో ఏది నిజమో తేల్చుకోలేక ఫోన్ను అతని ముఖం ముందు పెట్టింది.

గ్రూపులో ఫోటోలు వరసగా ఉన్నాయి. తొమ్మిదింటికి తండాలో బర్రె, బాగానే ఉంది. తొమ్మిదిన్నరకు బస్సులో ఒకామె ఒళ్ళో బుట్ట, బుట్టలో కోడిపెట్ట. పదింటికి బస్సు కిటికీలోంచి సగం మేక. పదిన్నరకు ఖమ్మం బస్టాండు ముందు అరటితొక్క తింటున్న ఆవు. పదకొండింటికి టాకీసు గేటు, అట్టబొమ్మ డైనోసార్, ఒక మూల గోప్యా బొటనవేలు. పదకొండున్నర ఫోటో వచ్చేసరికి బాబూరావు గబుక్కున కళ్ళు మూసుకున్నాడు.

"మేడం, అది చూపెట్టకండి. నేనింకా సినిమా చూళ్ళే."

"అంటే చూద్దామని పోయినవన్నట్టు."

మూసిన కళ్ళు తెరవకుండానే బాబూరావు జరిగిందంతా ఒప్పుకున్నాడు. ఆ ఫోటోలో తెర నిండా తెరిచిన నోరు, ఒక్కోటి గునపమంత పళ్ళు. పన్నెండింటి ఫోటోలో అదే నోరు, నోట్లో ఎవరిదో బూటు. ఆ తర్వాత గోప్యా సినిమాలో పడి ఫోటోల సంగతే మరిచిపోయినట్టున్నాడు. ప్రతి ఫోటో కిందా బాబూరావు రాసి ఉంచిన ముక్క పొల్లుపోకుండా ఉంది. టీకా వేయబడినది. పశువు ఆరోగ్యంగా ఉన్నది. దాని కింద ప్రతి ఫోటోకూ మేడం పై అధికారి జిల్లా సారు పెట్టిన బొటనవేలు గుర్తు కూడా ఉంది. కోడికీ, మేకకూ, డైనోసార్‌కూ తేడా లేకుండా ఆయన అందరినీ మెచ్చుకున్నాడు.

మేడం హెల్మెటు తీసి నులకమంచం మీద కూర్చుంది. పూలి మంచినీళ్ళు ఇచ్చింది.

"నా సర్వీసుల ఫోన్ ఊర్ల పెట్టి తాము టాకీసుల కూసున్నోళ్ళను మస్తుమందిని చూసిన" అంది మేడం. "తను ఊర్ల ఉండి ఫోన్‌ను టాకీసుకు పంపినోన్ని నిన్నే చూస్తున్న."

మూడు కావస్తుండగా గోప్యా వచ్చాడు. ఫోన్ను రుమాల్లో చుట్టి, రుమాలు చేతిలో పెట్టుకుని, సొంత బిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. బాబూరావును చూసి ఆయనకు కోపం వచ్చింది.

"ఏడికి పోయినవు అల్లుడా? నేను పోంగనే ఆ నీలం అంగి పిల్లగాడు, హెచ్ పన్నెండు అనుకుంట ఒకాయన ఇప్పుడే ఈడ ఉండె అన్నడు. లోపలికి పోయినవేమో అని నీ సీటు కాడికి పోయిన. సీటు ఖాళీ. ఎప్పటికైనా నీ సీటుకు నువ్వు రాకపోతవా అని అండ్లనే కూసున్న. ఆట అయిపాయె, నువ్వు రాకపోతివి."

"నేను ఫోన్ చేస్తే ఎత్తొద్దా మామా?"

"నువ్వే వద్దంటివి. పదకొండుసార్లు మోగింది. ఒక్కసారన్న ఎత్తిన్నేమో చూడు."

గోప్యా మంచం అంచున కూర్చుని తలపాగా విప్పి తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో ఏదో వెలుగు ఉంది. బాబూరావు ఆ వెలుగును గుర్తుపట్టాడు. ముప్పై ఏళ్ళ కింద తన ముఖంలో ఉన్నది అదే.

"కథ చెప్పొద్దు మామా, నీకు దండం పెడత."

"కథ నాకేం ఎరుక. ఒక్క ముచ్చట చెప్త. తప్పు ఆ పశువుది కాదు. ఊరంతా తరిమింది, ఇండ్లు కూలగొట్టింది, కార్లు తొక్కింది. అందరూ దానికి ఆకలైతుంది, తింటది అని ఉరుకుడే. నేను ముందుగాలనే చూసిన. నాలిక ఎండిపోయి ఉన్నది. కండ్లు లోపలికి పోయినయి. దానికి దూప అల్లుడా, ఆకలి కాదు. ఒక్కనికన్న తెలిస్తే కదా. ఆఖరికి అదే ఎతుక్కుంట పోయి ఈత కొట్టే గుంటల మూతి పెట్టి తాగింది. తాగి, ఆడనే పండుకున్నది. గోలెంల నీళ్ళు పోసి ముందర పెడితే ఆ సినిమా అర్ధగంటల ఒడిసిపోతుండె."

ఏడో భాగం ముగింపు మొత్తం బాబూరావు చెవిలో పడిపోయింది. కోపం రావాలి. రాలేదు. రోజుకు ముప్పై పశువుల నోళ్ళు తెరిచి నాలుకలు చూసే తను, ఆరు భాగాల్లో ఒక్కసారి కూడా ఆ పెద్దదాని నాలుక వైపు చూడలేదు. పళ్ళే చూశాడు. బాధ వేసింది. బాధతోపాటే, బయటికి చెప్పుకోలేనంత సంతోషమూ వేసింది. ఇన్నేళ్ళకు ఆ జంతువును పశువులా చూసే మనిషి ఒకడు హాల్లో కూర్చున్నాడు. అదీ తన సీట్లో.

"అయినా నా మొదటి ఆట పోయింది మేడం" అన్నాడు చివరికి. "ఆరు చూసిన. ఏడోది పోయింది."

మేడం నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "ఎట్ల పోతది? రూలు ఏంది? ఫోటో ఎక్కడ ఉంటే ఉద్యోగి అక్కడ. పదకొండున్నరకు నీ ఫోటో ఖమ్మంల టాకీసుల ఉంది. ఆ లెక్కన నువ్వు మొదటి ఆటలనే ఉన్నవు, తండాల లేవు. అందుకే ఈ పూటకు నీకు గైర్హాజరు వేస్తున్న."

"మరి ఈ అరవై మూడింటికి సూదులేసింది ఎవరు మేడం?"

"రూలు ప్రకారం ఎవరూ వెయ్యలే."

పూలికి ఒళ్ళు మండింది. పొద్దున్నుంచి పేడలో పొర్లిన మనిషికి గైర్హాజరు ఏందని మేడంను అడగబోయింది. కానీ బాబూరావు ముఖం అప్పటికే విచ్చుకుంటోంది.

"మేడం, ఆ మాట కాయితం మీద రాసిస్తరా?"

"ఏ మాట?"

"ఫలానా తేదీన మొదటి ఆటకు నేను టాకీసుల ఉన్నట్టు రుజువైందని. కింద సంతకం, ఆఫీసు ముద్ర. నోటుబుక్కుల అంటించుకుంట."

మేడం సర్వీసులో మెమో వద్దని బతిమాలినవాళ్ళే గానీ ఇమ్మని బతిమాలినవాడు లేడు. పెన్ను తీసి రాయడం మొదలుపెట్టింది. ఇంతలో రుమాల్లో ఉన్న ఫోన్ టింగుమంది. గోప్యా అలవాటు ప్రకారం ముట్టుకోలేదు. బాబూరావు తీసి చూశాడు. జిల్లా సారు. పన్నెండింటి ఫోటో కింద, నోట్లో బూటు ఉన్నదాని కింద, రాశాడు: గుడ్ వర్క్. రెండో డోసు ఎప్పుడు?

బాబూరావు ఫోన్ను మేడంకు చూపించాడు. అది పశువు కాదు, సినిమా అని ఇప్పుడు సారుకు చెప్పాలంటే, ఏడు ఫోటోలనూ ఆయన చూడకుండానే మెచ్చుకున్నాడని కూడా చెప్పాలి. ఆ ధైర్యం జిల్లా మొత్తం మీద ఎవరికీ లేదు. మేడం చాలాసేపు ఆలోచించి, ఫోన్ తీసుకుని, "రేపు, సార్" అని రాసి పంపింది.

శనివారం టూరు రిజిస్టరులో బాబూరావు పేరుకు ఎదురుగా, స్థలం ఖమ్మం అనీ, సమయం ఉదయం పదకొండు అనీ, పశువుల సంఖ్య ఒకటి అనీ రాసి ఉంది.